మగపిల్లాడికి తాతగారి పేరు పెట్టాలా? మొదటి నుంచి చివరిదాకా తేల్చుకునే పద్ధతి

ఆసుపత్రి నుంచి "మగపిల్లాడు" అని కబురు రాగానే బంధువుల నోట వచ్చే ప్రశ్న "తాతగారి పేరేగా?" అనే. చాలా ఇళ్లలో దీనికి అవునో కాదో తేల్చేయాలని చూస్తారు. పట్టుదలలు పెరిగేది అక్కడే. తాతగారి పేరంటే ఒకే ముక్క కాదు. అందులో దేవుడి పేరో ఊరి పేరో ఉంటుంది, చివర అయ్యో అప్పో రావో ఉంటుంది, కొన్ని ఇళ్లలో కులం తెలిపే తోక ఉంటుంది, ముందు ఇంటిపేరు ఉంటుంది. పిల్లాడి వైపు చూసినా అంతే. పూజలో చెప్పే పేరు, కాగితాల్లో రాసే పేరు, ఇంట్లో పిలిచే పేరు వేరువేరుగా ఉండవచ్చు. కాబట్టి నిర్ణయించాల్సింది పెట్టాలా వద్దా అని కాదు, ఏ ముక్కను ఏ చోట ఉంచాలి అని. కింద చెప్పే వరుసలో వెళితే ఆ పని సాఫీగా సాగుతుంది.

ముందు గడువులు తెలుసుకోండి

బారసాల రోజుకల్లా కాగితాల మీద పేరు ఎక్కిపోవాలన్న భయంతో చాలామంది తొందరపడతారు. ఆ అవసరం లేదు. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం 21 రోజుల్లోగా తెలియజేయాల్సింది పుట్టుక గురించే, పేరు గురించి కాదు. ఆసుపత్రిలో పుడితే ఆ పని ఆసుపత్రివాళ్లే చేస్తారు. పేరు గడి ఖాళీగా ఉన్నా నమోదు చెల్లుతుంది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు చేర్చుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఆలస్య రుసుము కట్టి 15 ఏళ్ల వరకు చేర్చుకునే వీలుంది.

కానీ ఒకసారి ఎక్కించిన పేరును మార్చుకోవడం అంత సులువు కాదు. చట్టంలో సవరణకు చోటున్నది తప్పుగా పడిన వివరాలకే. "మనసు మారింది, వేరే పేరు కావాలి" అంటే అది తప్పు దిద్దడం కిందికి రాదు. అందుకే ఆసుపత్రిలో ఫారం చేతికిచ్చినప్పుడు అక్కడున్న బంధువుల ఒత్తిడికి ఏదో ఒకటి రాసేయకండి. పేరు గడి వదిలేయమని స్పష్టంగా చెప్పండి. ఇంట్లో ఎవరు వెళ్లి ఫారం నింపినా ఈ మాట ముందే చెప్పి పంపండి. బాబాయి చొరవ తీసుకుని పేరు రాయించేయడం, తర్వాత తల్లి కంటతడి పెట్టుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు.

బారసాల 11వ రోజునో 21వ రోజునో చేసుకున్నా ఇబ్బంది లేదు. పళ్లెంలో బియ్యం మీద రాసిన పేరు అదే రోజు ప్రభుత్వ కాగితం మీదికి వెళ్లాలన్న నియమం లేదు. రెండింటి మధ్య ఒకటి రెండు నెలలు ఎడం ఉంచుకుని, ఆ పేరుతో పిలిచి చూసి, కుదిరాకే నమోదు చేయించడం మంచి పద్ధతి.

ఆ పేరు ఇంట్లోకి ఎలా వచ్చిందో కనుక్కోండి

పేరు పాతదన్న కారణంతో పక్కన పెట్టేవాళ్లకూ, పాతదన్న కారణంతోనే పట్టుబట్టేవాళ్లకూ చాలాసార్లు దాని వెనక సంగతి తెలియదు. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను, ముఖ్యంగా నాయనమ్మనూ మేనత్తలనూ కూర్చోబెట్టి అడగండి. జవాబు దాదాపుగా ఈ నాలుగు దారుల్లో ఒకదాంట్లో దొరుకుతుంది.

మొదటిది ఇలవేల్పు. సింహాచలం చుట్టుపక్కల అప్పన్న, అప్పలరాజు. కోటప్పకొండ ప్రాంతంలో కోటయ్య, కోటేశ్వరరావు. అన్నవరం మొక్కుతో సత్యనారాయణ. అహోబిలం నుంచి ఓబయ్య, ఓబులేసు. పెంచలకోన నుంచి పెంచలయ్య. వేములవాడ రాజన్న వల్ల రాజయ్య, రాజేశం. కొమురవెల్లి మల్లన్న వల్ల మల్లయ్య, మల్లేశం. యాదగిరిగుట్ట వల్ల యాదగిరి, యాదయ్య. ఇలాంటి పేరు తాతగారి ఒక్కరిదే కాదు, ఆ కుటుంబం ఏ కొండ వైపు తిరిగి దండం పెట్టుకునేదో చెప్పే గుర్తు. పొట్టకూటికి వలసపోయి మూడు తరాలైన ఇళ్లలో సొంత ప్రాంతానికి మిగిలిన ఆనవాలు ఒక్కోసారి ఇదే. దీన్ని వదులుకునే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

రెండోది మొక్కు లేదా భయం. పిల్లలు దక్కని ఇంట్లో పుట్టినవాణ్ణి పెంట మీద పెట్టి తీసుకుంటే పెంటయ్య, ఎంగిలి విస్తళ్ల మీద దొర్లిస్తే పుల్లయ్య. దిష్టి తగలకూడదని పిచ్చయ్య. దర్గాకు మొక్కుకుంటే హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్య, దస్తగిరి. నెల్లూరు జిల్లా కసుమూరు దర్గా పేరు మీద మస్తాన్ అని పెట్టుకున్నవాళ్లు ఆ ప్రాంతంలో ఎందరో. ఈ పేర్ల వెనక ఒక తల్లి బెంగ ఉంది, గౌరవించాల్సిందే. అయినా పెంటయ్య, పిచ్చయ్య లాంటివాటిని బడికి వెళ్లే పిల్లాడి నెత్తిన పెట్టడం న్యాయం కాదు. ఆ పేరు ఎందుకు వచ్చిందో పిల్లాడికి చెబితే చాలు, వాడు మోయనక్కర్లేదు.

మూడోది తరాల వరుస. తాత పేరు మనవడికి, అతని పేరు మళ్లీ అతని మనవడికి. ఇది నిన్న మొన్నటి అలవాటు కాదు. వేంగి చాళుక్యుల్లో విష్ణువర్ధన, విజయాదిత్య అనే పేర్లు తరాల తరబడి మళ్లీ మళ్లీ వస్తాయి. కాకతీయుల్లో మొదటి ప్రోలరాజు కొడుకు రెండో బేతరాజు, అతని కొడుకు రెండో ప్రోలరాజు. పతంజలి రాసిన ప్రాచీన సంస్కృత వ్యాకరణ గ్రంథం మహాభాష్యంలో యాజ్ఞికుల (యజ్ఞాలు చేయించేవారి) మాటగా కొడుక్కి పెట్టే పేరు మూడు తరాల పెద్దలను అనుసరించి ఉండాలని కనిపిస్తుంది. మీ ఇంట్లో ఈ వరుస నిజంగా నడుస్తోందో లేదో చూడండి. ముత్తాత, తాత, తండ్రి పేర్లు కాగితం మీద రాస్తే తెలిసిపోతుంది. తాతగారి ఒక్కరిదే అయిన పేరును "తరతరాలది" అనుకుని గొడవపడుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి.

నాలుగోది ఆనాటి వాడుక. ఒక కాలంలో పుట్టినవాళ్లకు ఊరంతా ఒకే రకం పేర్లు పెట్టుకున్నారు. వెనక ప్రత్యేకమైన కథేమీ ఉండదు. ఇలాంటి పేరును మార్చుకోవడానికి అందరికంటే ఎక్కువ స్వేచ్ఛ ఉంది.

ఆ పేరు ఇప్పటికే ఎవరికి ఉంది?

అన్నదమ్ముల పిల్లల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ముగ్గురు అన్నదమ్ములూ తమ పెద్దకొడుక్కి నాన్నగారి పేరే పెట్టుకుంటే, ఒకే ఇంటిపేరుతో ఒకే పేరున్న ముగ్గురు తయారవుతారు. పెళ్లి పత్రికల్లో నవ్వుకోవడం వరకైతే ఫర్వాలేదు. అసలు ఇబ్బంది భూముల కాగితాల్లో.

ఇది కొంచెం నిదానంగా చూడాల్సిన సంగతి. అడంగల్, పహాణీ, 1బి లాంటి రెవెన్యూ రికార్డుల్లో మనిషిని గుర్తించేది ముఖ్యంగా ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు అనే మూడింటితో. తరాల వరుస తప్పకుండా నడిచిన ఇంట్లో తాత పేరు రామయ్య, ఆయన తండ్రి కోటయ్య. ఆ రామయ్య కొడుకు మళ్లీ కోటయ్య. అతని కొడుకు మళ్లీ రామయ్య. అంటే "రామయ్య, తండ్రి కోటయ్య" అన్న వాక్యం తాతకూ మనవడికీ అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. పంపకాల్లో, వారసత్వ మార్పిడిలో, బ్యాంకు అప్పు తీసుకునేటప్పుడు ఎవరి కాగితం ఎవరిదో తేల్చడానికి ఏళ్లు పడుతుంది. పూర్వం పెద, చిన అని ముందు చేర్చింది ఇందుకే. పెద వెంకయ్య, చిన వెంకయ్య అన్నవి ముద్దుకు పెట్టుకున్నవి కావు.

మీ ఇంట్లో ఇలాంటి వరుస ఉండి, ఉమ్మడి ఆస్తి ఇంకా పంచుకోకపోతే తాతగారి పేరును ఉన్నది ఉన్నట్టు కాగితాలకు ఎక్కించకండి. ముందో వెనకో ఇంకో పేరు చేర్చండి. రామయ్యగారి మనవడు శ్రీకర్ రామ్ అయితే వరుసా నిలుస్తుంది, రికార్డూ విడిపోతుంది. అమ్మమ్మ వైపు తాతగారి పేరు పెడితే ఈ బెడద ఉండదు, ఇంటిపేరే వేరు కాబట్టి.

తాతగారు బతికుండగా ఆయన పేరు పెట్టవచ్చా అన్నది ఇంటింటికీ మారుతుంది. కొన్ని ఇళ్లలో సంతోషంగా పెడతారు, కొన్నిట్లో ఆయన పోయాకే పెట్టాలంటారు. దీనికి అందరికీ వర్తించే నియమం లేదు. ఆయన్నే అడగాలి. చిన్న వయసులో పోయినవారి పేరు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆ పేరు వినబడిన ప్రతిసారీ భార్యకో తల్లికో దుఃఖం పొంగుతుందా, ఊరట కలుగుతుందా? వాళ్లు చెప్పిందే చివరి మాట కావాలి.

అడగాల్సినవాళ్లను, అడగాల్సిన వరుసలో అడగండి

మొదట భార్యాభర్తలు ఇద్దరూ విడిగా కూర్చుని తమ మాట ఒకటి చేసుకోవాలి. ఇందులో తల్లికి వద్దనే హక్కు ఉండాలి. బిడ్డను రోజుకు వందసార్లు పిలిచేది ఆమే. మనసొప్పని పేరు నోటికి రాదు, నోటికి రాని పేరు ఇంట్లో నిలవదు.

ఇంకో కారణం కూడా ఉంది. భర్త పేరూ మామగారి పేరూ నోటితో పలకని ఆచారం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. మామగారి పేరు పిల్లాడికి పెట్టాక కోడలు వాణ్ణి కోప్పడాలన్నా నోరు రాదు. నాయనమ్మ అయితే మనవణ్ణి ఎప్పటికీ పేరుపెట్టి పిలవదు. "తాతా", "నాన్నా", "చిన్నోడా" అంటుంది. అందుకే ఇలాంటి ఇళ్లలో తాతపేరు పెట్టిన పిల్లాడికి పిలుపు పేరు కూడా అదే రోజు అనుకుని ఉంచుకోవాలి. లేకపోతే బుజ్జి, చిట్టి అన్నది యాభై ఏళ్లు వెంటపడుతుంది.

ఆ తర్వాత తాతగారు, నాయనమ్మ. వాళ్లకు సమాచారంలా చెప్పకుండా అడిగినట్టు ఉండాలి. కోడలు అడిగితే ఇంకా బాగుంటుంది: "మామయ్యగారూ, బాబుకి మీ పేరు కలిసేలా పెట్టాలనుకుంటున్నాం. మీకు సమ్మతమేనా? పిలవడానికి చిన్నపేరు మీరే చెప్పండి." ఇలా అడిగితే చాలామంది పెద్దలు "నా పేరెందుకమ్మా ఈ కాలంలో" అంటారు. అది నిజంగా వద్దనడమా, మొహమాటమా అన్నది నాయనమ్మకు తెలుస్తుంది. ఆమెను విడిగా కనుక్కోండి.

పేరు అలాగే పెట్టడం ఇష్టం లేకపోతే కొడుకే చెప్పాలి, కోడలి నోట చెప్పించకూడదు. "నాన్నగారూ, పేరు మొత్తంగా కాకుండా అందులోని స్వామి పేరు ఉంచుతున్నాం. బారసాలలో మాత్రం మీ పేరే చెవిలో చెబుతాం" అంటే వినేవాళ్లకు కాదన్న మాటకంటే ఉంచిన మాట ముందు వినిపిస్తుంది.

అమ్మమ్మ, తాతయ్యల సంగతి కూడా ఇప్పుడే. మొదటి మగపిల్లాడికి నాన్న వైపు, రెండోవాడికి అమ్మ వైపు అన్నది చాలా కుటుంబాల్లో ఒప్పందం. ఒక్కరితో ఆగిపోదామనుకునే దంపతులు ఆ ఒప్పందం మీద ఆధారపడితే అమ్మ వైపు వాళ్లకు ఏనాటికీ వంతు రాదు. అలాంటప్పుడు రెండు వైపులా ఒక్కో ముక్క తీసుకోవడం న్యాయం. తాతలిద్దరూ వెంకటరావు, రామారావు అయితే వెంకటరామ్ సహజంగానే కుదురుతుంది. కుదరనిచోట బలవంతంగా అతికించి ఏ అర్థమూ లేని కొత్త పదం చేయకండి.

పేరును ముక్కలు చేసి చూడండి

పాత పేరును వద్దనేవాళ్లకు నిజానికి నచ్చనిది చాలాసార్లు దాని చివర. సుబ్బయ్యలో ఉన్నది సుబ్రహ్మణ్యస్వామి, గంగయ్యలో గంగ, నరసయ్యలో నరసింహుడు. అయ్య, అప్ప, అన్న, రావు, శం, లు అన్నవి ప్రాంతాన్నీ కాలాన్నీ బట్టి చేరినవి. కాబట్టి మొదలును ఉంచి చివర మార్చడం తాతను వదిలేయడం కాదు.

రామయ్య నుంచి శ్రీరామ్, రాఘవ. మల్లయ్య నుంచి మల్లికార్జున్. గంగయ్య నుంచి గంగాధర్. కోటయ్య నుంచి కోటేశ్వర్. వెంకయ్య, వెంకటేశ్వర్లు నుంచి వెంకట్, శ్రీనివాస్. సుబ్బయ్య, సుబ్బారావు నుంచి సుబ్రహ్మణ్య, కార్తికేయ, స్కంద. నరసయ్య నుంచి నరసింహ, నృసింహ. అప్పన్న నుంచి కూడా నరసింహకే వెళ్లవచ్చు, సింహాచలంలో కొలువున్నది వరాహ లక్ష్మీనరసింహస్వామి కనక.

ఇక్కడ పొరపాట్లు జరిగేది దూరం ఎక్కువైనప్పుడు. మొదటి అక్షరం ఒక్కటి కలిసిందని వెంకటేశ్వర్లు మనవడికి విహాన్ అని పెట్టి "మీ పేరులోని వ తీసుకున్నాం" అంటే తాతగారు నవ్వి ఊరుకుంటారు, కానీ ఆయన పేరు అక్కడ లేదని ఆయనకు తెలుసు. స్వామి మారకుండా ఉండటం, లేదా కనీసం రెండు అక్షరాలు వినబడటం ఒక కొలతగా పెట్టుకోండి. కార్తికేయలో సుబ్బయ్య వినబడడు, అయినా స్వామి ఒక్కరే. వెంకట్‌లో రెండూ ఉన్నాయి. విహాన్‌లో ఏదీ లేదు.

కులాన్ని చెప్పే తోక ఉంచాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. తాతగారి పేరు నిలవడానికి మాత్రం దాని అవసరం లేదు. ఒకటే జాగ్రత్త: తండ్రి కాగితాల్లో తోక ఉండి పిల్లాడికి లేకపోయినా ఇబ్బంది రాదు గానీ, పిల్లాడి సొంత కాగితాల్లో ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే తప్పకుండా వస్తుంది.

పాతకాలపు పేర్లన్నీ శాస్త్రం ప్రకారం పెట్టినవి, కొత్తవి కావు అన్న వాదన వినబడుతుంది. ఇంట్లో జరిపే సంస్కారాల పద్ధతి చెప్పే ప్రాచీన గ్రంథాలు, గృహ్యసూత్రాలు, మగపిల్లాడి పేరుకు రెండో నాలుగో అక్షరాలు ఉండాలంటాయి. రామయ్యకు మూడు, వెంకటేశ్వరరావుకు ఏడు. రాఘవకు మూడు, గంగాధర అంటే నాలుగు. పాతదైనంత మాత్రాన లెక్క కుదరదు, కొత్తదైనంత మాత్రాన తప్పదు. ఈ వాదనతో ఎవరూ ఎవరినీ నెట్టనక్కర్లేదు.

నక్షత్రం అక్షరం కలవకపోతే

27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చు, చే, చో, లా. మఖకు మా, మీ, మూ, మే. స్వాతికి రూ, రే, రో, తా. చంద్రుడు ఒక్కో పాదం దాటడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. పాదం మారే వేళకు దగ్గరగా పుడితే పది నిమిషాల తేడాతో అక్షరం మారిపోవచ్చు. కాబట్టి అక్షరం పట్టించుకునేవాళ్లు పుట్టిన సమయాన్ని ఆసుపత్రి రికార్డు నుంచే తీసుకోవాలి. బంధువుల జ్ఞాపకం నుంచి కాదు.

తాతగారి పేరు ఆ అక్షరంతో మొదలవకపోవడమే ఎక్కువ. ఆ మాటకొస్తే ఆర్ద్ర మూడో పాదానికి ఙ, హస్త మూడో పాదానికి ణ వస్తాయి. వాటితో మొదలయ్యే పేరే లేదు. సంప్రదాయం దీనికి దారి ఎప్పుడో చూపించింది. నామకరణంలో కులదేవతా నామం, మాస నామం, నక్షత్ర నామం, వ్యవహార నామం అని నాలుగు చెబుతారు. అక్షరం వర్తించేది నక్షత్ర నామానికి. అది బిడ్డ చెవిలో చెప్పి ఊరుకునేది. బయట పిలిచే వ్యవహార నామానికి ఆ కట్టుబాటు లేదు. పురోహితుడితో బారసాలకు వారం ముందే మాట్లాడి ఏ పేరు ఏ చోట చెప్పాలో కాగితం మీద రాసిచ్చేయండి. పీటల మీద కూర్చున్నాక తేల్చుకోవడం మొదలుపెడితే గొంతు పెద్దదైనవాళ్ల పేరే ఖాయమవుతుంది.

పిలిచి చూడండి

రెండు మూడు పేర్లు మిగిలాక వాటితో బిడ్డను కొన్ని వారాలు పిలవండి. ఈ వారం ఒకటి, పై వారం ఇంకొకటి. ఇంట్లో అందరి నోటా ఏది సులువుగా వస్తుందో తెలుస్తుంది. చూడాల్సినవి:

- పక్క గదిలోంచి గట్టిగా పిలిచినప్పుడు పేరు తెగకుండా వస్తుందా?
- స్నేహితులు దాన్ని ఎలా కుదిస్తారు? సుబ్బు, వెంకీ, నర్సి. కుదింపు మీకు ఇష్టమైతేనే పూర్తి పేరు పెట్టండి, ఎందుకంటే వినబడేది కుదింపే.
- ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి చదవండి. తెలుగులో ముందు వచ్చేది పాస్‌పోర్టులో, విమాన టికెట్టులో వెనక్కి పోతుంది. రెండు విధాలా బాగుండాలి.
- తెలుగు రానివాళ్లు పలకగలరా? వాళ్లకు ళ, ణ, ద్విత్వాక్షరాలు కష్టం. ఇది పేరును వదులుకునేంత కారణం మాత్రం కాదు. పిలుపు పేరు తేలిగ్గా ఉంటే చాలు.

ఎగతాళి చేస్తారేమోనన్న భయం గురించి ఒక మాట. తాతపేరు పెట్టిన పిల్లాడు బడిలో ఇబ్బంది పడతాడని అందరూ ముందే అనేసుకుంటారు. తన పేరు ఎవరిదో, ఆయన ఎలాంటివాడో తెలిసిన పిల్లాడు దాన్ని ధైర్యంగా చెప్పుకోగలడు. "మీ తాత పట్టుబట్టాడు, పెట్టాం" అని ఇంట్లోనే విన్నవాడు చెప్పుకోలేడు. రెండో మాట మీ ఇంట్లో వినబడే అవకాశం ఉంటే, ఆ పేరును కాగితాలకు ఎక్కించకపోవడమే మంచిది.

ఏ చోట ఉంచాలి?

ఇంతవరకు తేలినదాన్ని బట్టి నాలుగు దారుల్లో ఒకటి ఎంచుకోండి.

తాతగారికి ఇష్టం, తల్లిదండ్రులకు ఇష్టం, అదే పేరున్న మరో మనవడు లేడు, రికార్డుల చిక్కు లేదు: పేరును ఉన్నది ఉన్నట్టు పెట్టండి. ఇన్నీ కలిసొచ్చినప్పుడు ఫ్యాషన్ కోసం వెనకాడటం అనవసరం.

ఇష్టం ఉంది కానీ రికార్డుల చిక్కో, దాయాదుల్లో అదే పేరో ఉంది: తాతగారి పేరుతో పాటు ఇంకో పేరు. మొత్తం ఇంటిపేరుతో కలిపి మూడు ముక్కలు దాటనివ్వకండి. నాలుగైదు ముక్కల పేరు పరీక్షల దరఖాస్తుల్లో గడులు చాలక తెగిపోతుంది. తెగిన పేరు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది.

మొదలు నచ్చింది, చివర నచ్చలేదు: మొదలు ఉంచి చివర మార్చండి. ఎక్కువ ఇళ్లకు సరిపడేది ఇదే.

తల్లికో తండ్రికో మనసొప్పడం లేదు: బారసాలలో చెవిలో చెప్పే పేరుగా ఉంచండి, సంకల్పంలో చెప్పుకోండి, కాగితాల్లో మీకు నచ్చినది రాయండి.

తాతపేరు కాగితాల్లో మాత్రమే ఉండి ఇంట్లో ఎవ్వరూ పిలవకపోవడం అనే ఐదో దారి ఉంది. చాలామంది తెలియకుండా దాంట్లోకే వెళ్లిపోతారు. పిల్లాడికి ఇంట్లో ఒక పేరు అలవాటై, బడిలో హాజరు పిలిచినప్పుడు తనదే అని తెలియక కూర్చుండిపోతాడు. కాగితంలో రాసే పేరు వాడికి మూడో ఏడు వచ్చేలోగా చెవిన పడుతూ ఉండాలి.

కాగితాల మీదికి ఎక్కించడం

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరిక, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం, ఆధార్ లాంటివాటికి పుట్టిన తేదీ, స్థలం రుజువుగా జనన ధ్రువపత్రమే ఆధారం. అంటే ఇకమీదట అన్నిటికీ మూలం ఆ ఒక్క కాగితమే. దాని మీద పేరు ఎలా పడుతుందో జీవితమంతా అలాగే నడుస్తుంది.

ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకుండా పూర్తిగా రాయించండి. మనవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ పేరుకూ వేరువేరు గడులు ఉంటాయి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒకే పేరు పడితే తిప్పలు మొదలవుతాయి. అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరుగా తీసుకుని అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లకు సందర్శక వీసా మీద ప్రవేశం లేదని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. పాన్ దరఖాస్తులోనూ పొడి అక్షరాలు పనికిరావు.

ఇంగ్లీషు స్పెల్లింగును నమోదుకు ముందే ఖాయం చేసుకోండి. త రాయడానికి టీ పక్కన హెచ్ పెడతారా, వెంకటకు చివర ఎ ఉందా, శ్రీకి ఎస్ఆర్ఐయా ఎస్‌హెచ్ఆర్ఐయా, దీర్ఘానికి ఎ ఒకటా రెండా, ముక్కల మధ్య ఖాళీ ఉంటుందా ఉండదా? తాతగారి పేరులో ఇంటిపేరుకు ఒక స్పెల్లింగు, తండ్రి పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకొకటి ఉండటం మామూలే. ఇంటిపేరు స్పెల్లింగు తండ్రి పాస్‌పోర్టులో ఉన్నట్టే పిల్లాడికీ రాయండి. పాస్‌పోర్టు లేకపోతే పదో తరగతి సర్టిఫికెట్ చూడండి. తాతగారి కాలపు స్పెల్లింగు మీద అభిమానంతో పిల్లాడికి వేరేగా రాయకండి.

పేరు చేర్చడానికి గ్రామాల్లో పంచాయతీ కార్యదర్శి, పట్టణాల్లో మున్సిపాలిటీ వద్ద దరఖాస్తు చేయాలి. తెలంగాణలో మీసేవ, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయాల ద్వారా కూడా ఇవ్వవచ్చు. పుట్టుక నమోదైన వివరాలు, తల్లిదండ్రుల ఆధార్ దగ్గర ఉంచుకోండి. దరఖాస్తులో పేరును తెలుగులో, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రెండు విధాలా మీ చేత్తోనే రాయండి. చెబుతుంటే వాళ్లు టైప్ చేసేలా వదిలేయకండి. తెరమీద ఒకసారి చూపించమని అడిగి అక్షరం అక్షరం సరిచూశాకే ముందుకు వెళ్లనివ్వండి.

ఆధార్ జనన ధ్రువపత్రం చేతికొచ్చాకే చేయించండి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు కాబట్టి తొందరేమీ లేదు. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పేరు తేలకముందే చేయించి అందులో ఒకటి ఇప్పుడే వాడేసుకోవడం ఎందుకు?

పేరు ఎక్కిపోయాక నిజంగానే మార్చాల్సి వస్తే నోటరీ అఫిడవిట్, పత్రికల్లో ప్రకటన, గెజెట్‌లో ప్రచురణ అనే దారి ఉంది. ఆ తర్వాత ఒక్కో కాగితాన్నీ విడివిడిగా సరిచేయించుకోవాలి. దీనికి సిద్ధపడేవాళ్లు బడిలో చేర్చకముందే చేసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్ మీద పేరు పడ్డాక దాన్ని మార్పించడం చాలా కష్టం, ఆ తర్వాతి చదువులూ ఉద్యోగాలూ అన్నీ ఆ సర్టిఫికెట్‌తోనే సరిపోల్చుకుంటాయి.

ధ్రువపత్రం వచ్చిన రోజునే ఈ ఐదూ చూసుకోండి: పిల్లాడి పేరు రెండు భాషల్లోనూ, ఇంటిపేరు పూర్తిగా, తండ్రి పేరు ఆయన ఆధార్‌లో ఉన్నట్టు, తల్లి పేరు ఆమె ఆధార్‌లో ఉన్నట్టు, పుట్టిన తేదీ. అక్షరం తేడా కనబడితే వెంటనే, ఆసుపత్రి కాగితాలు చేతిలో ఉండగానే, నమోదు చేసిన చోటికే తీసుకెళ్లి దిద్దించండి.